చక్రపాణి గారి నాలుగు సిలిండర్లు

ముందే ఒక మాట చెప్పేస్తాను. చక్రపాణి గారు నాకు కావలసిన మనిషి. కింద నేనేం చెప్పినా అది మనసులో పెట్టుకుని వినండి.

నేను చదివింది ఏడో క్లాసు. విజయవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్ళు బళ్ళు బాగుచేశాను. మా ఆవిడ సుధకి నర్సు ఉద్యోగం వచ్చి అరిజోనా వస్తే, ఆవిడ వెనకాల నేనూ వచ్చాను. ఇంగ్లీషు రాదని ఇక్కడ ఏ షెడ్డువాడూ నన్ను తీసుకోలేదు. చాండ్లర్‌లో మనవాళ్ళ హోటల్ ఒకటుంటే వెళ్ళి, దోసెలు వేస్తావా అంటే వేస్తాననేశాను. అప్పటికి నాకు దోసె తిరగెయ్యడం కూడా రాదు. డ్రైవింగ్ లైసెన్సు రాతపరీక్షకి ఈ చక్రపాణి గారే ఐదు ఆదివారాలు నన్ను కూర్చోబెట్టుకుని ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పి నేర్పించారు. రెండుసార్లు తప్పాను. మనిషి విసుక్కోలేదు. అందుకే ఆయనంటే నాకు అంత ఇది.

ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు. చిప్పులు చేసే కంపెనీలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని. ఏ వస్తువు కొనాలన్నా ఎక్సెల్ షీటు వేస్తారు. రైస్ కుక్కర్‌కి పదకొండు కాలమ్స్ వేశారు. ఆ షీటు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ నెలలో మన ఊళ్ళో తెలుగువాళ్ళు ఇరవైమంది అదే కుక్కర్ కొన్నారు. వాళ్ళలో మేమూ ఉన్నాం. అన్నం అడుగంటుతుంది. అయినా చక్రపాణి గారి షీటులో ఫస్టొచ్చింది కదా అని ఎవ్వరం నోరెత్తలేదు.

ఇక బండి సంగతి. వాళ్ళమ్మాయి అదితి కాలేజీకి టూసన్ వెళ్తూ రెండో కారు పట్టుకెళ్ళింది. అదే సమయానికి ఆయన భార్య జ్ఞానప్రసూన గారికి చిన్నపిల్లల బడిలో ఉద్యోగమొచ్చింది. పొద్దున ఏడుకల్లా ఉండాలి. కాబట్టి ఉన్న కారు ఆవిడకి. మరి ఈయన ఆఫీసుకి ఎలా వెళ్ళాలి? ఇంకో కారు కొందామని ఆవిడ అంది. కారెందుకు, మోటార్‌సైకిల్ కొంటే నేను దాని మీద వెళ్తానుగా అని ఈయన అన్నారు. ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచీ ఆయనకి అదే కోరిక. అప్పుడు వాళ్ళ నాన్న కొనివ్వలేదు, తర్వాత వీసా, తర్వాత ఇల్లు, తర్వాత పిల్ల.

ఆవిడ ఆలోచించి ఒక షరతు పెట్టింది. మార్చి మొదలు మే నెలాఖరు దాకా మూడు నెలలు. రోజూ బండి మీదే ఆఫీసుకి వెళ్ళాలి. ఎవరి కారూ ఎక్కకూడదు, ఒంట్లో బాలేదని ఇంట్లో కూర్చోకూడదు. నిలబడితే బండి ఆయనది. నిలబడకపోతే బండి అమ్మేసి కారు కొనాలి, ఇక జన్మలో బండి ఊసెత్తకూడదు. ఆయన సరేనని చెయ్యి కలిపారు. ఈ షరతు నాకెలా తెలుసంటారా, మా హోటల్లోనే, రెండో టేబుల్ దగ్గర జరిగింది. పెసరట్టు నేనే తీసుకెళ్ళాను.

ఆయన చలికాలమంతా కూర్చుని చదివారు. రెండు సిలిండర్ల బండా, నాలుగు సిలిండర్ల బండా అన్నదే ఆయన సమస్య. కాలమ్స్ ఇరవై రెండు. ఎన్ని గుర్రాల బలం, వణుకు ఎంత, మైలేజీ ఎంత, మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది, పదేళ్ళ తర్వాత పార్ట్‌లు దొరుకుతాయా, అన్నీ ఉన్నాయి. నడుంనొప్పి ఉందని వణుకు కాలమ్‌కి రెట్టింపు మార్కులు వేశారు. నాలుగు సిలిండర్లకి ఎనభై ఏడు, రెండు సిలిండర్లకి డెబ్భై ఒకటి వచ్చాయి.

నా దగ్గర అప్పటికే ఒక బండి ఉంది. ఎవరో వదిలేసిన పాత రెండు సిలిండర్లది. హోటల్ వెనకాల నెలరోజులు కూర్చుని బాగుచేసుకున్నాను. నాలుగేళ్ళుగా ఎండనక వాననక దాని మీదే పనికి వస్తున్నాను. ఆయనింటికి సాంబారు క్యాన్లు కూడా దాని మీదే వేసుకెళ్ళాను. ఆ చలికాలంలో చక్రపాణి గారు జర్మనీలో ఎవడో వీడియోలు చేసేవాణ్ణి అడిగారు, డల్లాస్‌లో వాళ్ళ కజిన్‌ని అడిగారు. వాళ్ళింటి వాకిట్లో సాంబారు దించుతున్న నన్ను మాత్రం అడగలేదు. కోపమా అంటే, కోపమేం లేదు. కొంచెం ఉంది.

అడిగితే నేను చెప్పేది ఇంతే. రెండు సిలిండర్ల ఇంజను కింది నుంచే లాగుద్ది. క్లచ్చు మెల్లగా వదిలితే చాలు, దానంతటది కదులుద్ది. ఫ్రీవేలో డెబ్భై దాటితే హ్యాండిల్ జివ్వుమంటుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, అది నిజం. నాలుగు సిలిండర్లది పట్టులాగా పోద్ది. కానీ ఆయన చూసిన రేసుబండి రకానికి బలమంతా పైనే ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పి బాగా రేజ్ ఇస్తేగానీ కదలదు, ఇస్తే ఎగిరిపోద్ది. ఆగినచోట వేడంతా తొడలకి కొడుద్ది. ఆయన ఆఫీసుకి తొమ్మిది మైళ్ళు, పద్నాలుగు సిగ్నళ్ళు. ఇరవై రెండు కాలమ్స్‌లో సిగ్నళ్ళకి ఒక్క కాలమ్ లేదు.

ఫిబ్రవరి చివర నీలం రంగు బండి వచ్చింది. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. గుడి పార్కింగ్‌లో పూజ. పంతులుగారు పసుపు, కుంకుమ పెట్టి, ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి నిమ్మకాయలు పెట్టారు. చాండ్లర్ తెలుగు రైడర్స్ అని ఎనిమిదిమంది గ్రూపు ఒకటుంది, అందరూ ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. చక్రపాణి గారు క్లచ్చు వదిలారు. బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశారు, మళ్ళీ ఆగింది. మూడోసారి నిమ్మకాయ దొర్లి పక్కకి పోయింది. రెండు రోజుల క్లాసులో ఆయన నేర్చుకున్నది చిన్న బండి మీద, లైసెన్సూ దాంతోనే వచ్చింది. ఆ అలవాటుకి ఇది కదలదు. పంతులుగారు ఇంకో నిమ్మకాయ కోసం సంచిలో వెతుకుతుంటే నేను వెనక నుంచి ఒక్క తోపు తోశాను. నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. వీడియోలో నేను లేకుండా కత్తిరించి పెట్టారు.

ఆ షీటూ ఆ వీడియో చూసి గ్రూపులో ఐదుగురు నాలుగు సిలిండర్ల బళ్ళు కొన్నారు. దివాకర్ అయితే నీలం రంగే కావాలని తెప్పించుకున్నాడు. శనివారం శనివారం పొద్దున్నే అందరూ ఫ్రీవే మీద ఒక చుట్టు చుట్టి మా హోటల్‌కి వచ్చి ఇడ్లీ తినేవాళ్ళు. హెల్మెట్లన్నీ టేబుల్ మీద వరసగా పెట్టేవాళ్ళు, ప్లేట్లు ఎక్కడ పెట్టాలో నాకు తెలిసేది కాదు.

మార్చి గడిచింది. ఏప్రిల్ సగానికి ఎండ ముదిరింది. ఆయన ఎడమచేతి మణికట్టుకి పట్టీ వచ్చింది. ప్యాంటు కింద ఏదో దళసరి బట్ట చుట్టుకోవడం మొదలుపెట్టారు. గ్రూపులో మాత్రం రోజూ మెసేజీ పెట్టేవారు, ఈరోజు రైడ్ స్మూత్, ఇంజను బటర్ అని.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన, పొద్దున ఏడున్నరకి, హోటల్ వెనక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మొహం ఉడికిన టమాటాలా ఉంది.

"వీరాంజనేయులూ, ఒక్కరోజు మీ బండి ఇస్తారా? పోల్చి చూడాలి. డేటా కోసం."

తాళం ఇచ్చాను. సాయంత్రం ఆరింటికి ఈల వేసుకుంటూ వచ్చారు. బండ్లు మార్చుకుని ఇంటికి వెళ్ళారు. మర్నాడు మళ్ళీ డేటా. ఆ మర్నాడూ డేటా. నా పాత బండి ఆఫీసు పార్కింగ్‌లో, ఆయన నీలం బండి మా చెత్తడబ్బా పక్కన.

ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. మొదటివారంలోనే నేను ఆయనకి నిజం చెప్పాల్సింది. మీకు కావలసింది నా బండిలాంటిదండీ, ఇంటికెళ్ళి ఆవిడతో చెప్పెయ్యండీ అనాలి. అన్లేదు. ఎందుకంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాకు హోటల్ మూత. ఆ రెండు గంటలూ నీలం బండి నాది. ఊరు దాటి కొండల వైపు రోడ్డెక్కి రేజ్ ఇచ్చానంటే, ఆ నాలుగు సిలిండర్లూ కలిసి పాడతాయి చూడండి, నాకు ఆటోనగర్‌లో ఎవడూ అలాంటి బండి ముట్టుకోనివ్వలేదు. ఆయన డేటా ఎన్నాళ్ళు సాగితే నాకు అంత మంచిది.

మే పద్నాలుగున పట్టుబడ్డాను. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. తొడలు కాలుతున్నాయి. పక్కన కారు వచ్చి ఆగింది. అద్దం దిగింది. జ్ఞానప్రసూన గారు. బండిని చూసింది, నా ఒంటి మీద పిండి మరకల చొక్కా చూసింది. వేలితో పక్కనున్న మందుల షాపు పార్కింగ్ చూపించింది. వెళ్ళి ఆగాను.

"అన్నయ్యగారూ, అబద్ధం చెప్పకండి, మీకు రాదు. మా ఆయన దేని మీద వెళ్ళారు?"

"నా దాని మీదమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

పదహారు రోజులన్నాను. షరతు పోయింది, బండి పోయింది, ఆయన గుండె పగిలిద్ది అనుకున్నాను. ఆవిడ అడిగింది వేరే.

"మీ దాని మీద వచ్చేటప్పుడు ఎలా ఉంటారు?"

"ఈల వేసుకుంటూ వస్తారమ్మా."

"ఇంటికొచ్చేటప్పటికి ఆ ఈల ఉండట్లేదే," అంది. హోటల్ నుంచి వాళ్ళింటికి రెండు మైళ్ళు. ఆ రెండు మైళ్ళూ నీలం బండి మీద రావాలి కదా.

తను చూసినట్టు ఆయనకి చెప్పొద్దని ఒట్టేయించుకుని వెళ్ళిపోయింది. ఆయన రహస్యం ఒకటి, ఆవిడ రహస్యం ఒకటి, రెండూ నా కడుపులో. ఆ రెండువారాలూ సాంబారులో ఉప్పు ఎక్కువైందని ఒకటే కంప్లెయింట్లు.

మే ముప్పై ఒకటి శనివారం పడింది. గ్రూపంతా వచ్చింది. జ్ఞానప్రసూన గారు కూడా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. హర్షవర్ధన్ అని కొత్తగా చేరినతను, టిఫిన్ అయ్యాక అట్నుంచి అటే షోరూమ్‌కి వెళ్ళి నాలుగు సిలిండర్లది కొనబోతున్నాడు. షీటు ప్రింట్ తీసుకుని మరీ వచ్చాడు.

"అన్నా, మూడు నెలలైంది కదా. డైలీ ఆఫీసుకి ఇదే బెస్ట్ కదా, ఫైనల్?"

చక్రపాణి గారు గొంతు సవరించుకుని, ఓవరాల్‌గా చూస్తే అని మొదలుపెట్టారు. జ్ఞానప్రసూన గారు కాఫీ గ్లాసు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఏవండీ. నాకంతా తెలుసు. ఇతనికి నిజం చెప్తే బండి మీ దగ్గర ఉంటుంది. మార్కులు చెప్తే రేపు కారు చూద్దాం."

నేను చట్నీ బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయన నా వైపు చూశారు. నేను చట్నీ వైపు చూశాను. వేసేవాడు లేక పక్క టేబుల్ వాళ్ళు ఒట్టి ఇడ్లీ తింటున్నారు. ఆయన రిక్వైర్‌మెంట్ అన్నారు, ఆపేశారు. వెయిటేజీ అన్నారు, ఆపేశారు. ముప్పై ఏళ్ళ కోరిక ఒకవైపు, ఎనిమిదిమంది ముందు మొహం ఒకవైపు.

"హర్షా, నేను నెలరోజులుగా వీరాంజనేయులు బండి మీద ఆఫీసుకి వెళ్తున్నాను. నాది సిగ్నళ్ళలో నడపలేకపోతున్నాను. షీటు తప్పు. నేను ఈయన్ని అడగాల్సింది."

అప్పుడు దివాకర్, ప్లేటులోకి చూసుకుంటూ, తన బండి శనివారం తప్ప గ్యారేజీ దాటలేదన్నాడు. ఆఫీసుకి కారులోనే వెళ్తున్నాడంట. ఇంకొకాయన తన తొడ మీద బొబ్బ గురించి చెప్పడం మొదలుపెట్టాడు, జ్ఞానప్రసూన గారు ఉందని గుర్తొచ్చి ఆపాడు. మూడో అతను ఆరోజు టైరు పంక్చరని కారులో వచ్చాడు, పంక్చరేం లేదంట. అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసి సిగ్గుపడి, షీటు వేసిన మనిషి మీద మర్యాదకొద్దీ ఇన్నాళ్ళూ బటర్, బటర్ అని మెసేజీలు పెట్టుకున్నారు. మా రైస్ కుక్కర్ సంగతి కూడా అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. మరీ ఒకేరోజు అన్నీ ఎందుకులే అని ఊరుకున్నాను.

జ్ఞానప్రసూన గారు మాట మీద నిలబడింది. షరతులో ఏ బండి అని నేను అన్లేదు కదా అంది. మర్నాడే వాళ్ళిద్దరూ రెండు సిలిండర్ల బండి చూడ్డానికి వెళ్ళారు, నన్నూ తీసుకెళ్ళారు. చక్రపాణి గారు ల్యాప్‌టాప్ తెచ్చుకున్నారు గానీ ఆవిడ కారులోంచి తియ్యనివ్వలేదు. మూడు బళ్ళు స్టార్ట్ చేయించి విన్నాను, ఒకటి చూపించాను. అదే కొన్నారు. నేను చూపించిందే కొన్నారని ఇంటికొచ్చి సుధకి మూడుసార్లు చెప్పాను.

నీలం బండి హర్షవర్ధన్ కొన్నాడు. ఇంత విన్నాక కూడానా అంటే, నేను ఇంటి నుంచే పనిచేస్తాను కదన్నా, నాకు సిగ్నళ్ళెక్కడివి అన్నాడు. అదీ నిజమే.

చక్రపాణి గారు ఇప్పుడు రోజూ హోటల్ ముందు నుంచే వెళ్తారు. ఎనిమిదింటికి హారన్ ఒకటి కొడతారు, ఆగరు. ఆగే పని లేదు కదా. మధ్యాహ్నం రెండింటికి మాత్రం నాకేం తోచట్లేదు. పప్పు నానబోసి కూర్చుంటున్నాను.