ఆరిన పొయ్యి మీద పాలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పదమూడేళ్ల వయసు నుంచి పెళ్లి వంటలకి ఊరూరా తిరిగినవాణ్ణి. శ్మశానాన్ని ఆనుకుని కట్టిన కల్యాణమండపాల్లో గుండిగల మధ్య పడుకున్నాను. ఒక్క దయ్యం కూడా వచ్చి ఇంకో గారె వెయ్యమని అడగలేదు.

నా చిక్కు వేరే. నేను చెప్పింది ఎవరూ నమ్మరు. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానంటారు గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. అప్పట్నుంచీ జోకులతో బతికేస్తున్నాను. ఇలాంటివాడు నిజం చెబితే జనం ముందు నవ్వుతారు. నవ్వుకోండి. జరిగింది జరిగినట్టే రాస్తాను.

2009లో నేను బోస్టన్‌కి గంట దూరంలో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంట చేస్తుండేవాణ్ణి. మా అక్కా బావా ఆ దగ్గర్లోనే ఉండేవారు. బావ గుండె డాక్టరు. వాళ్లమ్మాయి సింధు అక్కడే పుట్టి పెరిగింది. చరిత్రలో పెద్ద చదువు చదువుతూ, వేసవి సెలవుల్లో ఒక పాతకాలపు ఊళ్లో పనిచేసేది. ఊరంటే మ్యూజియం లాంటిది. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన ప్యూరిటన్లు, అంటే చర్చి గీసిన గీత దాటని మహా నిష్ఠాపరులు, ఎలా బతికారో జనానికి చూపిస్తారు. ఇళ్లు అప్పటివే. మనుషులు మాత్రం అప్పటి బట్టల్లో ఉన్న ఇప్పటివాళ్లు.

అక్కడ కట్టెల పొయ్యి మీద వండి చూపించే మనిషి కావాల్సి వస్తే సింధు నా పేరు చెప్పింది. అలా తణుకు నుంచి వచ్చిన ఈ వంటవాడు రెస్టారెంట్ వదిలి నల్లటోపీ, మోకాళ్ల దాకా మేజోళ్లు తొడుక్కుని మొక్కజొన్న జావ కలిపాడు. నువ్వు ప్యూరిటన్‌లా లేవే అని చూడ్డానికొచ్చిన పిల్లలు అడిగితే, మాది తణుకు శాఖ అనేవాణ్ణి.

నేను వండే ఇంటికి ఒక కథ ఉంది. ఒకప్పుడు మెర్సీ అనే పనిపిల్ల ఆ పొయ్యి దగ్గరే వండేదట. వాళ్ల చర్చికి చెందని కుర్రాణ్ణి ప్రేమించింది. ఊరు ఓర్వలేక మంత్రగత్తె అంది. మోపిన నేరం ఏమిటంటే, నిప్పు లేని పొయ్యి మీద పాలు పొంగించిందని. ఉరి తీశారు. రోజూ మధ్యాహ్నం చర్చి హాల్లో ఆ విచారణని నాటకంగా వేసేవారు. మెర్సీ వేషం మా సింధుది. చివర్లో చూసేవాళ్లు చేతులెత్తి ఆ పిల్ల దోషో కాదో చెప్పాలి.

ఇంటి తాళాలు మార్గరెట్ అనే డెబ్బై ఏళ్ల పెద్దావిడ దగ్గరుండేవి. మెర్సీ మీద నేరం విన్న రోజు నాకొచ్చిన ఇంగ్లీషులో ఆవిడతో అన్నాను, పాలు పొంగితే మావాళ్లు గృహప్రవేశం చేసుకుంటారు, మీవాళ్లు ఉరేశారు అని. ఆవిడ నవ్వలేదు.

మా వృత్తిలో పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, బెల్లం ముక్క వేసి గానీ వెలిగించం. ప్యూరిటన్ల పొయ్యికీ అదే చేశాను. మార్గరెట్ తడిగుడ్డతో తుడిచేసింది. మర్నాడు మళ్లీ పెట్టాను. ఆవిడ మళ్లీ తుడిచింది. నెల తిరిగేసరికి రాజీ కుదిరింది. పొద్దున పెట్టేది నేను, సాయంత్రం తుడిచేది ఆవిడ.

పక్కనే కొలిమి. కమ్మరి వేషం జోయెల్‌ది. తెలుగు కుర్రాడే, అక్కడి పాస్టరు గారి అబ్బాయి. రోజుకి నాలుగుసార్లు నిప్పు అడగడానికి మా ఇంటికొచ్చేవాడు. కొలిమి పెట్టుకున్నవాడికి నిప్పు కరువేమిటి? సింధు ముందు గదిలో రాట్నం దగ్గర కూర్చునేది. నాకు అర్థం కావడానికి తొమ్మిదో తరగతి అవసరం లేకపోయింది.

రెండు ఇళ్లూ కాదన్నాయి. పాస్టరు గారు బాప్తిస్మం లేని పిల్ల వద్దన్నారు. బావ కులం వేరు, మతం వేరు అన్నాడు. అని ఊరుకోకుండా ఎడిసన్ అనే ఊళ్లో ఒక సంబంధం చూసి తాంబూలాలకి రోజు పెట్టేశాడు. ఆదివారం. అంటే ఇంకో వారం.

"నేను ఓకే చెప్పేస్తా మామయ్యా. డాడీ ఫేస్ చూస్తే నాకు మాటలు రావు," అంది సింధు.

"వంద మంది ముందు రోజూ ఉరికంబం ఎక్కుతున్నావు. మీ నాన్న ముందు నోరు తెరవలేవా?"

"అది యాక్టింగ్!"

"ఇదీ యాక్టింగే అనుకో. డైలాగులు మాత్రం నీవి."

తాంబూలాలకి ముందురోజు, శనివారం, బావని నాటకానికి తీసుకొస్తానని మాటిచ్చాను. కాళ్లు పట్టుకునైనా సరే, ఈడ్చుకునైనా సరే. ఆ శనివారం పొద్దున పొయ్యికి కుంకుమ పెడుతూ సరదాకే అన్నాను. "మెర్సీ తల్లీ, నీకెలాగూ పెళ్లి కాలేదు. మా సింధుకైనా కానివ్వు." అన్నమాట నిజం. దాచను.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి.

మనిషి లేని ఇంట్లో నిప్పు ఉండకూడదని అక్కడ రూలు. మధ్యాహ్నం విచారణకి అందరం వెళ్తాం కాబట్టి పొయ్యి ఆర్పాలి. రెండు బకెట్ల నీళ్లు నేనే పోశాను. బూడిద బురదయింది. అందులో చెయ్యి పెట్టి చూశాను కూడా. తిరిగొచ్చాక కలిపే జావ కోసం, వెనక గదిలో ఫ్రిజ్ నుంచి చల్లటి పాలు తెచ్చి, పొయ్యిలో గొలుసుకి వేలాడే ఇనుప కుండలో పోసి, పైన చెక్కపళ్లెం మూత పెట్టాను. మార్గరెట్ తాళం వేసింది. తాళంచెవి ఆవిడ నడుముకే ఉంది. విచారణ గంట సేపు.

బావ వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. ఆఖర్న చేతులెత్తమంటే, మెర్సీ నిర్దోషి అని అందరికంటే ముందు బావ చెయ్యే లేచింది.

"ఇక్కడ వదిలేసి ఇంటికెళ్లి ఉరేస్తావా బావా?" అన్నాను.

"నోరు ముయ్యరా సూరీ," అన్నాడు. కానీ మొహం మారింది.

బయటికొచ్చాక ఆ వేషంలోనే, ఆ తెల్ల టోపీతోనే సింధు చెప్పేసింది. పక్కన జోయెల్ నిలబడ్డాడు. "డాడీ, ఆదివారం నేను రాను. నేను జోయెల్‌నే పెళ్లి చేసుకుంటా. మీరు వస్తే నాకు హ్యాపీ. రాకపోతే ఏడుస్తా. కానీ చేసుకుంటా."

"కుదరదు. కారెక్కు," అన్నాడు బావ.

"ఎక్కను."

దారినపోయేవాళ్లు ఇదీ నాటకంలో భాగమనుకుని ఆగి చూస్తున్నారు. పరువు పోతుందని నేనే అందర్నీ ఇంటి దగ్గరకి తోలాను. మార్గరెట్ తాళం తీసింది.

గుమ్మంలోనే చప్పుడు వినిపించింది. ముప్పయ్యేళ్లుగా విన్న చప్పుడది, పొరబడను. పాలు మరుగుతున్నాయి. చూస్తుండగానే చెక్కపళ్లెం లేచి పక్కకి పడింది. నురగ కుండ అంచు దాటి జారింది. కింద బూడిద నేను వదిలినట్టే బురదగా, నల్లగా ఉంది. పొగ లేదు, నిప్పురవ్వ లేదు. కుండ దించబోయి పట్టుకున్నాను. బొటనవేలు కాలింది. మచ్చ ఇప్పటికీ ఉంది.

బావ మోకాళ్ల మీద కూర్చుని, జ్వరం చూసినట్టు, అరచేతి వెనకవైపుతో బూడిద తాకాడు. పొయ్యి రాళ్లు తాకాడు. అన్నీ చల్లగా ఉన్నాయి. ఈ మనిషి సైన్సు గురించి మాట్లాడతాడేమో అనుకున్నాను. తలెత్తి చిన్నగా అడిగాడు.

"తూర్పు ఎటురా?"

కిటికీలోంచి పడమటి ఎండ వస్తోంది. పాలు దానికి ఎదురుగా, అవతలి వైపుకి పొంగాయి.

"తూర్పుకే బావా."

లేచి, చేతి బురద ఆ ఖరీదైన ప్యాంటుకే తుడుచుకుని, జోయెల్ వైపు తిరిగాడు. "మీ నాన్నగారి ఫోన్ నంబరు ఇవ్వు," అన్నాడు.

మార్గరెట్ ఆ సాయంత్రం కుంకుమ తుడవలేదు.

మర్నాడు నేనూ జోయెల్ అదే కుండ, అవే పాలు, అలాగే ఆర్పిన పొయ్యితో రెండు గంటలు చూశాం. ఒక్క బుడగ రాలేదు. మ్యూజియం వాళ్లు పొగగొట్టం దాకా వెతికారు. పొయ్యి దగ్గర కరెంటు తీగ లేదు, వేడిగొట్టం లేదు. నేనేదో కెమికల్ కలిపానని సగం మంది నమ్మకం. అంత కెమిస్ట్రీ వస్తే నేను జావ ఎందుకు కలుపుతాను?

పాస్టరు గారు ఒప్పుకోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అక్కడ ఏ పాలూ పొంగలేదు. బావే వాళ్లింటికి తిరిగి తిరిగి ఒప్పించాడు. పెళ్లి రోజున పాలు నేనే పొంగించాను, గ్యాస్ స్టవ్ మీద, అగ్గిపుల్ల అందరికీ చూపించి మరీ.

ఇప్పటికీ ఎక్కడ కలిసినా బావ నన్ను పక్కకి లాగుతాడు. "నిజం చెప్పరా సూరీ, ఆ రోజు పొయ్యిలో ఏం పెట్టావు?"

"పసుపు, కుంకుమ, బెల్లం ముక్క," అంటాను.

నవ్వేస్తాడు. జోకనుకుంటాడు. నాకు తెలిసింది మాత్రం అంతే.