అతుకు

మూడేళ్ల కిందట ఖోర్ ఫక్కాన్ నుంచి షార్జాకు బస్సులో వస్తున్నాను. పక్క వరుసలో కూర్చున్న కూలీ ఒకతను అదేపనిగా నా కొంగుకేసే చూస్తున్నాడు. చిరాకేసి కొంగు విసురుగా లాక్కున్నాను. సీటు రేకుకు తగిలి పోగొకటి తెగింది. అది మా అమ్మ చీర. అమ్మ పోయాక మొదటిసారి కట్టుకున్నాను. వేలాడుతున్న పోగును తెంపేయబోయాను.

"గుంజకుండ్రి అక్కా, చీర ఖరాబైతది," అన్నాడతను.

అతను చూస్తున్నది నేతనని అప్పుడర్థమైంది. సిగ్గుపడి కొంగు అందించాను.

సిమెంటుకు పగిలిన వేళ్లను ప్యాంటుకు తుడుచుకున్నాడు. కొంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి, నీళ్లతో తడిపి, తెగిన కొసలకు మెలిపెట్టి అతికాడు.

"మీరు నేతపని చేసేవారా?"

"మాది సిరిసిల్ల దిక్కు. మగ్గం అమ్ముకొని దుబాయ్ వచ్చి తొమ్మిదేండ్లాయె. చేతులు మర్చిపోయినయనుకున్న."

ఎంత వెతికినా అతుకు నా కంటికి కనిపించలేదు. ఆ మాట చెబుదామని తల తిప్పాను. అతను కిటికీలోంచి కొండలకేసి చూస్తున్నాడు. ఒళ్లో అతని బొటనవేలు, చూపుడువేలు మాత్రం లేని పోగును ఇంకా మెలిపెడుతూనే ఉన్నాయి.