ఎనిమిది గళ్ళ కాగితం

రక్తపరీక్షల ల్యాబులో సీసాలు కడిగే ఆమెను అందరూ "గబగబ" అని పిలుస్తారు. మాట మొదలుపెడితే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ ధాటి అంతా ఆడవాళ్ళ దగ్గరే. మగవాడు ఎదురుపడితే నోట్లో నాలుక లేనిదైపోతుంది.

ల్యాబులో ముందు కౌంటరు ఉద్యోగం ఖాళీ అయింది. ఇంగ్లీషు సర్టిఫికెట్ తెస్తే ఆమెకే ఇస్తామన్నారు. పదకొండేళ్ళుగా చన్నీళ్ళలో నాని గోళ్ళు మెత్తబడిపోయిన మనిషికి అది చిన్న సంగతి కాదు. అందుకే ఆరు నెలలుగా సాయంత్రం క్లాసుకు పోతోంది.

ఆఖరి వారం టీచరమ్మ ఒక్కొక్కరికీ ఎనిమిది గళ్ళ కాగితం ఇచ్చింది. నలుగురు ఆడవాళ్ళకు, నలుగురు మగవాళ్ళకు ఇంగ్లీషులో థాంక్స్ చెప్పాలి. దేనికో కూడా చెప్పాలి. విన్నవాళ్ళు గడిలో సంతకం పెట్టాలి. శనివారానికల్లా నిండకపోతే సర్టిఫికెట్ లేదు.

ఆడవాళ్ళ గళ్ళు ఒక్క పూటలో నిండాయి. పక్కింటి పిన్నికి చెప్పిన థాంక్స్ అరగంట సాగింది. మధ్యలో ఇంగ్లీషు ఎక్కడ జారిపోయిందో ఇద్దరికీ తెలియదు. మగవాళ్ళ దగ్గరికొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బస్సు కండక్టరుకు నేలచూపులతో "థాంక్యూ సర్" అనేసి, దేనికో చెప్పకుండానే కాగితం చాచింది. ల్యాబు డాక్టరు దగ్గరా అంతే. క్లాసులో అందరిదీ అదే వరస. ఆడమనిషికైతే కడుపులో ఉన్నదంతా చెబుతారు, మగవాడికైతే ఒక్క "సర్"తో సరిపెడతారు.

ఇక మిగిలిన రెండూ ఇంట్లోవాళ్ళకని ఉంచుకుంది: మామగారి గడి, భర్త గడి.

"దొంగసంతకం పెట్టెయ్యవే," అంది క్లాసులో పక్కన కూర్చునే ఆవిడ. "పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద మా ఆయన సంతకం ఎప్పుడూ నేనే పెడతా. ఇప్పుడు ఆయన పెడితే స్కూల్లో నమ్మరు."

గబగబ పెడితే టీచరమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకవు. మామగారు బోర్డులు రాసే పెయింటరు. ఆ వీధిలో సగం షాపుల బోర్డుల మీద, కింద మూలన ఆయన సంతకం ఉంటుంది. టీచరమ్మ రోజూ వాటిని చూస్తూనే నడిచొస్తుంది.

మామగారితో ఆమెకు ఏళ్ళ తరబడి మూడే మాటలు. భోజనానికి రండి, మందు వేసుకున్నారా, తలుపేసుకోండి. ఈ ఆరు నెలలూ ఆమె క్లాసు నుంచి వచ్చేదాకా పాపకు తినిపించి నిద్రపుచ్చింది ఆయనే. ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు.

శుక్రవారం క్లాసు లేదు. సాయంత్రం ఆయన వరండాలో బ్రష్షులు కడుక్కుంటున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడి, ఎప్పటిలా గోడవైపు కాకుండా, ముఖంలోకి చూసింది. పాపను చూసుకున్నందుకు థాంక్యూ అని, మీరు లేకపోతే నాకు చదువే లేదని ఇంగ్లీషులో చెప్పింది. ఈసారి "సర్" అనలేదు.

ఆయనకు థాంక్యూ ఒక్కటే తెలిసింది. మిగతాది తెలుగులో చెప్పమన్నాడు. అది ఇంకా కష్టమైంది. అయినా చెప్పింది.

ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు.

"ఈ థాంక్యూ అన్న మాట నేను నలభై ఏళ్ళుగా రాస్తున్నానమ్మా. షాపు తలుపుకి లోపలివైపు, వెళ్ళేవాళ్ళకి కనపడేట్టు. ఎర్ర అక్షరాలు, పసుపు అంచు. ఎన్ని తలుపుల మీద రాశానో నాకే తెలీదు. నాతో మాత్రం ఎవరూ అనలేదు. నువ్వే."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయనకూ వచ్చింది గాని, టర్పెంటైన్ ఘాటని కళ్ళు తుడుచుకున్నాడు.

పెన్ను వద్దని, సన్న బ్రష్షుతో సంతకం పెట్టాడు. బోర్డు మీద పెట్టే సంతకమే, చివర వంకీతో సహా. గడి చాలలేదు. ఆ వంకీ పోయి పక్కనున్న భర్త గడిని సగం మింగేసింది.

"అయ్యో, వాడికి చోటు లేకుండా చేశానే!"

"ఉంది మామయ్యా. ఆ మూల చాలు."

రంగు ఆరేదాకా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆమె గుమ్మంలో నిలబడి భర్త వచ్చే దారి చూడసాగింది. రాగానే ముందు ముఖంలోకి చూడాలి అనుకుంది.