మదామ్ మాఫీ

నాకు ఖతర్‌లో ఉద్యోగం వచ్చిన కొన్నాళ్ళకి మా ఆయన ఫ్యామిలీ వీసా మీద అల్ వుకైర్‌లోని మా ఫ్లాటుకి వచ్చారు. ఆయనది జగిత్యాల, మాది కాకినాడ. వస్తూనే, "నాలుగొద్దులు చూస్త. మనసున పట్టకుంటే వాపస్ పోత" అన్నారు. పెట్టె సర్దనే లేదు. హాల్లో నిలబెట్టి, చొక్కా కావాలంటే అందులోంచే లాక్కునేవారు. ఆ పెట్టెను చూస్తే నాకు ఒళ్ళు మండేది, భయమూ వేసేది.

నేను డ్యూటీకి వెళ్తే ఆయన్ని పలకరించే దిక్కు లేదు. ఓ శుక్రవారం దోహా పక్షుల బజారు నుంచి ఒక పిట్టను తెచ్చుకున్నారు. ఆఫ్రికా సిల్వర్‌బిల్ అట, మన జీనువాయికి దాయాది. మనదానికి తోక మొదట్లో తెలుపు, దీనికి నలుపు. మిగతా ఒళ్ళంతా ఇసుక రంగే. రంగురంగుల చిలకల్ని వదిలేసి దీన్ని ఎవరు కొంటారండీ? మా ఆయన కొంటారు. మా అత్తగారికి ఖతరైనా దుబాయే. "దుబాయ్ పిట్టకు కొర్రలు పెడుతున్నవా బిడ్డా?" అని ఫోన్లో అడిగారు. అది తినేదీ కొర్రలే.

ఆడా మగా ఒక్కలాగే ఉంటాయి గానీ, పాడేది మగది మాత్రమే. మాది సన్నగా పాడింది. జతకి ఆడపిట్టను తెస్తానని మా ఆయన మళ్ళీ వెళ్ళారు. మిగిలిన ఒక్కదాన్ని చూపించి, ఆడదేనా అని అడిగితే, కొట్టతను "మదామ్ మాఫీ" అన్నాడట. రుణమాఫీలు విన్న చెవులాయె! "ఆడదానికి రేటు మాఫీ చేసిండు, మంచోడు" అని మురిసిపోతూ పట్టుకొచ్చారు.

నాలుగు రోజులకి అదీ పాట అందుకుంది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. "ఇక్కడ మాఫీ అంటే లేదని, ఫీ అంటే ఉందని. ఆడది లేదని చెప్పాడండీ పాపం."

"గీ రెండే ఒకదానికొకటి తోడైతయి తియ్" అన్నారు. నిజంగానే అవి ఒరుసుకుని కూర్చునేవి.

ఒకరోజు తలనొప్పితో పెందలాడే వచ్చేశాను. మా గుమ్మంలో ఏసీ మెకానిక్ "మదామ్ హై?" అని అడుగుతున్నాడు. "మదామ్ మాఫీ" అన్నారు మా ఆయన, తడుముకోకుండా. రోజూ ఎంతమందికి చెప్తే అంత నున్నగా వచ్చింది? నా ప్రాణం చివుక్కుమంది. జత లేని పిట్టకి జత వెతికాం గానీ, ఈయన సంగతి నేను ఆలోచించనే లేదు.

"మదామ్ ఫీ" అన్నాను వెనక నుంచి. "పదండి, సముద్రం దాకా వెళ్దాం."

చొక్కా మార్చుకుంటానని ఆయన పడగ్గదిలోకి వెళ్ళారు. హాల్లో పెట్టె ఉండే చోట పంజరం ఉంది.

"పెట్టె ఏదండీ?" అన్నాను.

"మాఫీ" అన్నారు లోపల్నుంచి.