కదిలితే బండి

ఇంటి యజమాని కబురు ఆదివారం ఉదయం వచ్చింది. రాబోయే శనివారం పాత సామాన్లు ఎత్తుకుపోయే కబాడీ లారీ వస్తుందనీ, అప్పటికి ఆవరణలో కదలని వస్తువు ఒక్కటి కూడా మిగలరాదనీ దాని సారాంశం. కబురు తెచ్చినవాడు జమీర్. అరబ్బు దేశంలో, బనియాస్‌లోని ఆ పాత విల్లాకు అతడే నాతూర్. గేటు తాళం, నీళ్ళ మోటారు, గదుల్లో కాపురాలుండే వారి తగవులు, మూడూ అతని కాపలాలోనే ఉంటాయి. కడప జిల్లా నుంచి వచ్చినవాడు, అక్కడ ఒక గదిలో అద్దెకుండే త్రిమూర్తులును అన్నా అని పిలిచేవాడు.

"కదిల్తే బండన్నా, కదలకుంటే కబాడీ. అర్బాబ్ చెప్పిన మాట ఇది. నన్ను తిట్టుకోవద్దు" అన్నాడు.

త్రిమూర్తులు తిట్టలేదు. చేతిలోని కార్బురేటర్‌ను గుడ్డతో తుడుస్తూ, శనివారం దాకా వ్యవధి ఉంది కదా అని మాత్రం అన్నాడు. అతని పక్కన రేకుల నీడలో, చెక్కదిమ్మలమీద, వెనుక చక్రం లేకుండా నిలబడి ఉన్నది ఒక పాత జావా మోటారుసైకిల్.

అదే ఆవరణలో, గోడవారగా, మాడిపోయిన ఏసీ డబ్బాలు నడుమెత్తున పేరుకుని ఉన్నాయి. అవి యజమానివి. ఏళ్ళ తరబడి అవి అక్కడే ఉన్నాయి, వాటి చాటున పిల్లులు ఈనుతున్నాయి. వాటి సంగతి కబురులో లేదు. చట్టం ముందు అందరూ సమానమేనని పుస్తకాలు బోధిస్తాయి. స్థలం ఎవరిదో వారి చెత్తను చెత్త అనరాదని అద్దెకున్నవాడికి అనుభవం బోధిస్తుంది.

త్రిమూర్తులుది మండపేట పక్క పల్లె. యౌవనంలో ఈ దేశం వచ్చి, రెండు దశాబ్దాలకు పైగా క్రేన్ల కింద బరువులు కట్టే పని చేశాడు. ఇనుప తాడు ఎక్కడ బిగించాలో, ఎత్తిన దూలం గాలికి ఎటు తిరుగుతుందో చూసుకోవడం ఆ పని. 2020 చివర, ఇంకెవరో కట్టిన గొట్టాల కట్ట జారి అతని కుడి మోకాలిమీద పడింది. ఎముక అతుక్కుంది కాని మోకాలు వంగడం మానేసింది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉన్న మాట అక్షరాలా ఇది: 'బరువు పనులకు శాశ్వతంగా అనర్హుడు'. కట్ట కట్టిందెవరో, దాన్ని తనిఖీ చేయవలసిందెవరో ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. మొత్తం వాక్యానికి కర్త ఒక్క త్రిమూర్తులే. మనిషిని గురించి 'అనర్హుడు' అని రాసేముందు కలం ఒక్క క్షణం ఆగవద్దా అని ఆ ఆఫీసులో ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత అతణ్ణి స్టోరులో కూర్చోబెట్టారు. చేతి తొడుగులు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం. సాయంత్రం గదికి వచ్చి మంచంమీద గోడకేసి కూర్చునేవాడు. భార్య పేరమ్మ ఆ దగ్గర్లోనే ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. ఆమె వచ్చి లైటు వేసేదాకా చీకట్లోనే ఉండేవాడు. ఏమయ్యా అంటే, ఏముంది అనేవాడు. ఏడాది పాటు ఆ రెండు మాటలకు మించి వాళ్ళ మధ్య పెద్దగా సంభాషణ జరగలేదు.

ఇటువంటి రోజుల్లోనే కంపెనీ ఒక పాత ఇల్లు పడగొడుతూ, పనిముట్ల కాపలాకు అతణ్ణి పంపింది. పంపు గదిలో ఈతచాపల కింద ఆ జావా కనిపించింది. ఇంజను బిగుసుకుపోయి ఉంది, సీటును ఎలుకలు కొట్టేశాయి, టాంకు లోపలంతా తుప్పు. ఇంటాయన ముసలివాడు, మర్యాదస్తుడు. అది కావాలా అని అడిగి, తీసుకో, ఖలాస్ అన్నాడు. అంతటితో ఆగక, ఇచ్చినట్టు చీటీ రాసి సంతకం చేశాడు. ఆ చీటీయే లేకపోతే, గేటు దగ్గర ఆపినవారికి అటువంటి బండి అటువంటి మనిషిది కావచ్చునని నమ్మించడం సాధ్యపడేది కాదు.

పికప్పులోంచి బండిని దించుతుంటే పేరమ్మ నడుముమీద చేతులు వేసుకుని చూసింది.

"కాలు పని చెయ్యని మనిషికి కాలితో తన్నే బండెందుకయ్యా? ఉన్న రెండోదీ పోగొట్టుకుందావనా?"

"ఇలా రా. ఇటు చూడు. అన్ని బళ్ళకీ కిక్కు కుడిపక్క. దీనికి ఎడంపక్క. తన్నాక అదే ముందుకి తిరిగి గేరు అవుద్ది. నా కాలు చూసి చేసినట్టు లేదూ?"

పేరమ్మ వంగి చూసింది. నిజంగానే కుడివైపు ఏమీ లేదు. "ఆడెవడో నీలాటోడే చేసుంటాడు" అని లోపలికి వెళ్ళిపోయింది. కాని ఆ రాత్రి మొగుడు గోడకేసి కాక గుమ్మంకేసి కూర్చున్న సంగతి ఆమె గమనించింది.

పని రెండేళ్ళు నడిచింది. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిలు పోసి, రోజూ కొంచెం కొంచెం కదుపుతూ పోతే పిస్టన్ ఒకనాటికి వదిలింది. రింగులు రాజమండ్రి నుంచి ఎవరి పెట్టెలోనో ఆవకాయ సీసాతో కలిసి వచ్చాయి. టాంకులో గులకరాళ్ళు పోసి ఊపి ఊపి తుప్పు రాల్చాడు. సైలెన్సరును పీచుతో తోముతుంటే పేరమ్మ చూడలేకపోయింది. తుప్పు తోమేది అలాగా అంటూ చింతపండు పులుసు తెచ్చి తనే కూర్చుంది. ఆ ఆవరణలోని మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కుడిపక్క కిక్కు కోసం వెతికి, లేదని నవ్విపోయేవారు. త్రిమూర్తులు ఎవరికీ చెప్పేవాడు కాదు, వెతకనిచ్చేవాడు. రంగు నిలిచినచోట పాత రంగునే ఉంచాడు. రోడ్డుమీదికి పోవాలంటే పరీక్షలూ పత్రాలూ చాలా కావాలని అతనికి తెలుసు. అంత దూరం ఆలోచించలేదు. ప్రాణం ఉన్నదని తేలితే చాలుననుకున్నాడు. ఇప్పుడు అది తేల్చడానికి ఆరు రోజులే మిగిలాయి.

శుక్రవారం సాయంత్రానికి చక్రం ఎక్కింది. పెట్రోలులో ఆయిలు కలిపి పోశాడు. అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. జమీర్ ఫోను పైకెత్తి వీడియో మొదలుపెట్టాడు, అర్బాబ్‌కు చూపించాలి గనుక. పేరమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఏసీ డబ్బాలకు ఇవతలగా నిలబడింది.

త్రిమూర్తులు కుడిపక్క నుంచి వచ్చి ఎడమకాలు అటు వేశాడు. వంగని కుడికాలు గుంజలా నేలను పట్టుకుంది. ఎడమకాలితో తన్నాడు. ఏమీ లేదు. మళ్ళీ తన్నాడు. మూడోసారి, బండి ఒక దగ్గు దగ్గి, పొగ చిమ్మి, అందుకుంది. ఆవరణ నిండా నీలపు పొగ, టుక టుకమనే ఆ చప్పుడు. ఎవరో చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు; క్రేను బరువు ఎత్తుతున్నప్పుడు చూసినట్టే చూస్తున్నాడు. జమీర్ ఒకచేత్తో సాయం పట్టగా బండిని స్టాండుమీంచి దించాడు. లివరును ముందుకు తిప్పి గేరు వేశాడు. కళ్ళు గేటుమీద పెట్టి క్లచ్చి వదిలాడు.

బండి వెనక్కి పోయింది.

నెమ్మదిగా కూడా కాదు. పేరమ్మ పక్కకు దూకింది. వెనుక మడ్‌గార్డు ఏసీ డబ్బాల గుట్టలో దూరింది. పైనున్న డబ్బా ఒకటి దొర్లి పడింది, ఇంజను ఆగింది, ఒక పిల్లి గోడ దూకింది.

ఈ రకం ఇంజనుకు ఒక గుణం ఉంది. అది ఏ వైపు తిరిగినా మండుతుంది. నిప్పురవ్వ రావలసిన దానికంటే ముందే వచ్చి, తన్నులో బలం చాలకపోతే, పిస్టన్ పైదాకా వెళ్ళకుండానే వెనుదిరిగి అటువైపే పరుగు అందుకుంటుంది. చెవికి తేడా తెలియదు. తన్నడం ఎన్నడూ ఎరగని ఎడమకాలితో, అందాజుగా అమర్చిన నిప్పురవ్వ పాయింట్లతో, త్రిమూర్తులు చేసినది సరిగ్గా అదే. కింద చూసేలోపే అతనికి కారణం తట్టింది. కాని కారణం తెలియడం వేరు, బండి దక్కడం వేరు. అతడు హాండిలు పట్టుకునే జమీర్ వైపు చూశాడు. అందరూ అటే చూశారు.

జమీర్ ఫోను దించి, గడ్డం గోక్కున్నాడు.

"కదిల్తే బండి అన్న్యాడు అర్బాబ్. ముందరికా ఎనక్కా అని చెప్పల్యా" అన్నాడు. వీడియో పంపించాడు.

జవాబు వచ్చేదాకా ఎవరూ గదుల్లోకి పోలేదు. రాతలో కాదు, రికార్డు చేసిన గొంతుతో వచ్చింది. మొదట చాలాసేపు నవ్వు, వెనుక ఎవరో పిల్లల నవ్వు, చివర ఒకే మాట: ఖల్లీ. ఉండనీ అని దాని అర్థం. జమీర్ దాన్ని రెండుసార్లు వినిపించాడు. త్రిమూర్తులు అప్పుడు హాండిలు వదిలి, కుడికాలు చాచి, నేలమీద కూర్చున్నాడు. పేరమ్మ మంచినీళ్ళు తెచ్చింది.

మర్నాడు లారీ వచ్చింది. జమీర్ ఏసీ డబ్బాలను ఒక్కొక్కదాన్నీ కాలితో నెట్టి చూశాడు. ఒక్కటీ కదలలేదు. అన్నిటినీ లారీ ఎక్కించాడు. ఇవి అర్బాబ్‌వి కదా అని ఎవరో భయపడితే, మాటా ఆయనదేనన్నాడు. నియమాన్ని నియమంగా అమలు చేసిన మనిషి ఆ ఆవరణలో ఉన్నందుకు సంతోషించవలసినదే. ఖాళీ అయినచోట పేరమ్మ నీళ్ళు చల్లి ఊడ్చింది. త్రిమూర్తులు బండిని అక్కడ నిలబెట్టి, మూత విప్పి, పాయింట్లను ఈసారి కొలత పెట్టి సరిచేశాడు.

సాయంత్రం గట్టిగా తన్నాడు. అందుకుంది. ముందు చక్రం వైపు ఒకసారి, వెనుక గోడవైపు ఒకసారి చూసి, వెనుక సీటు తట్టి పేరమ్మను రమ్మన్నాడు.

"నేనెక్కను. ఎనక్కి పోతే ముందు గోడకి గుద్దుకునేది నేనే" అంది ఆమె. "గేటు దాకా నువ్వెళ్ళి రా. అప్పుడు చూద్దాం."

త్రిమూర్తులు గేరు వేసి, క్లచ్చి కొంచెం కొంచెంగా వదిలాడు. బండి గేటు వైపు కదిలింది. జమీర్ వెళ్ళి గేటు ముందు చేతులు చాచి నిలబడ్డాడు, రోడ్డెక్కుతాడేమోనని.