మోకాలిలోతు నీళ్లలో నత్త

రాయగడ రైల్వే కాలనీలో మా వెనకింటి అమ్మాయి గుల్లలు పోగుచేసే సరదా పట్టుకుని, మొన్న భీమిలి ప్రయాణమవుతూ, ముక్కోణాల చారలుండే నత్తగుల్లలు ఏ చోట దొరుకుతాయని నన్నడిగింది. బతికున్నదాన్ని ముట్టనని ఒట్టు వేయించుకున్నాకే చెప్పాను.

ఆ చోటు నాకు తెలుసు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నాచుపట్టిన బండల మధ్య మోకాలిలోతు నీళ్లు నిలిచే గుంటల్లో, ఆ నత్త రాతి కింద ఇసుకలో సగం కూరుకుని ఉంటుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్నగారు రైల్వేలో ఫిట్టరు. కొండలు తప్ప మరేమీ ఎరగని నన్ను మా మేనత్త వేసవి సెలవుల్లో తన అత్తవారి ఊరైన భీమిలికి తీసుకువెళ్లింది. ఆ బొగ్గింజను ప్యాసింజర్లలో కళ్లలో నలుసు పడకుండా ఊరు చేరిన వాళ్లు మన ఈడులో ఎవరుంటారు! అత్త నాకంటే పదేళ్లే పెద్ద, పెళ్లయి ఏడాది తిరగలేదు.

ఆ ఉదయం రాయి ఎత్తగానే తేనెరంగు మీద తెల్లని ముక్కోణాలు అల్లినట్టున్న గుల్ల కనిపించింది. మురిసిపోయి లంగా ఒడిలో వేసుకున్నాను. చేపల బుట్టతో పోతున్న ముసలమ్మ ఒకావిడ తొంగిచూసి కేకపెట్టింది.

"అమ్మీ, ఒగ్గేయ్! ఇసపు నత్తే అది, పేనం తీసేస్తాది!"

నేను బిగుసుకుపోయాను. ఒడి వదలడానికి వేళ్లు రాలేదు. అత్త పరుగున వచ్చి దాన్ని చేత్తో లాగి విసిరేసి, తన బొటనవేలు చూసుకుంది. సూది గుచ్చినంత చుక్క.

"నాకేటీ అవనేదమ్మీ, ఏడవకు," అంది. కాసేపటికే పెదవులు మొద్దుబారి మాట ముద్దయింది.

జాలర్లు ఆమెను నులకమంచం మీద మోసుకుంటూ ఆసుపత్రికి పరుగెత్తారు. దీనికి విరుగుడు లేదు, ఊపిరి ఆగకుండా కనిపెట్టుకుని ఉండడమేనని డాక్టరుగారు మామయ్యతో అనడం విన్నాను. వరండాలో కూర్చుని, తలుపు సందులోంచి అత్త రొమ్ము పైకి లేస్తోందా లేదా అని రెప్పవేయకుండా చూశాను. లేవడం ఆలస్యమైనప్పుడల్లా నా ఊపిరీ ఆగేది. పొద్దువాలే వేళకు ఆమె కళ్లు తెరిచి నా కోసం చెయ్యి చాపింది. పట్టుకోవడానికి భయపడ్డాను.

అడిగినవాళ్లందరికీ, "నానే ఏరేను," అని చెప్పింది అత్త. నేను నోరు విప్పలేదు.

ఇప్పటి పిల్లలు ఏది విషమో ఫోనులో బొమ్మ చూసి తెలుసుకుంటున్నారు, మంచిదే. మాకు ఏమీ తెలియని రోజుల్లో, మా ఒడిలో చెయ్యిపెట్టే మనుషులుండేవారు. నిరుడు అత్త పోయింది. ఏరింది నేనేనని ఇప్పుడు చెబుదామన్నా, వినవలసినవాళ్లెవరూ మిగల్లేదు.