ఇరవై నిమిషాలు ముందున్న గడియారం

కాలువ నీళ్లతో మొదటి వరి పంట చేతికొచ్చిన ఏడు మా ఊళ్లో గడియార స్తంభం కట్టారు. పైన గడియారం, నడుమ నీళ్ల తొట్టి, కింద డీజిల్ పంపు, పక్కన నాలుగు కొళాయిలు. బిగించిన నాటి నుంచీ గడియారం ఇరవై నిమిషాలు ముందుండేది. చూసిన ప్రతివాడూ మనసులో ఇరవై తీసేసుకునేవాడు తప్ప దాన్ని ముట్టేవాడు కాదు.

నేను డిప్లొమా చేతబట్టుకొని వచ్చిన కొత్త. ఓవర్‌సీర్ ఉద్యోగానికి బళ్లారిలో పది గంటలకు ఇంటర్వ్యూ. సిరుగుప్ప నుంచి వచ్చే బస్సు మా ఊళ్లో ఆరున్నరకు. తర్వాతిది మధ్యాహ్నమే.

ముందురోజు సాయంత్రం రేడియోలో టైము విని, స్తంభమెక్కి, లోలకాన్ని కచ్చితంగా ఇరవై నిమిషాలు ఆపి పట్టుకున్నాను. నోటుబుక్కులో రాసుకున్నాను: "దోషం: ఇరవై నిమిషాలు. కారణం: అశ్రద్ధ. మరమ్మతు: పూర్తి." ఎవరికీ చెప్పలేదు. సరైన టైముకు చాటింపెందుకు?

తెల్లారి ఆరు కొట్టింది. పంపు రోజూ ఆరింటికే కదా అని, ఇంట్లో మిగిలిన చెంబెడు నీళ్లతో తల తడిపి, ఒళ్లంతా సబ్బు పట్టించి కొళాయి కింద కూర్చున్నాను. నీళ్లు రాలేదు.

"అన్నా, ఆరైంది, ఇంజను తిప్పు!" కళ్లు మూసుకొనే అరిచాను.

"యాడైంది ఆరు? ఇంగా ఇరవై నిమిషాలుండాది. సుమ్నె, గమ్మున కూచోప్పా," అన్నాడు పంపు డ్రైవరు, బీడీ ఆర్పకుండా.

"గడియారం నేను సరిచేసినానన్నా!"

"నువ్వా? అట్లయితే అసలు నమ్మను."

బిందెల వరుసలోంచి ఒక అవ్వ నవ్వింది. "సబ్బు ఎండిపోతాండాది, చూడండే!"

ముల్లు ఆరూ ఇరవై మీదికొచ్చాకే ఇంజను దడదడలాడింది. నీళ్లు తొట్టికెక్కి కొళాయికి దిగేసరికి బస్సు హారన్ వినిపించింది. నేను కళ్లు కడుక్కొని చూసేసరికి రోడ్డు మీద దుమ్మే మిగిలింది. గడియారంలో ఇరవై తీసేసుకొని తీరిగ్గా వచ్చిన మరో ఏడుగురు, మూటలతో సహా, ఆ దుమ్మునీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఆ చూపులు నోటుబుక్కులో రాయలేదు.

ఇంటర్వ్యూ పోయింది. సాయంత్రమే స్తంభమెక్కి ముల్లును ఇరవై నిమిషాలు ముందుకు జరిపాను. ఈసారి ఊరంతా కింద నిలబడి చూసింది.

కొన్ని నెలలకు మళ్లీ ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. కొళాయి దగ్గర అదే అవ్వ అడ్డగించింది.

"గడియారం ముట్టినావా?"

"లేదవ్వా."

"అయితే పనొస్తాది, పో."

వచ్చింది.